కుర్రాళ్లకు వద్దన్న చదువు

రాజనీతి చదవడానికి కుర్రాళ్లు పనికిరారని ఆరిస్టాటిల్ మొహమాటం లేకుండా చెప్పేశాడు. వాళ్లకు లోకానుభవం ఉండదు, మనసు ఎటు లాగితే అటు పోతారు, ఎంత విన్నా ఒంటబట్టదు అన్నది ఆయన అభిప్రాయం. వయసులో చిన్నవాడైనా, వయసొచ్చీ బుద్ధి ఎదగనివాడైనా తేడా లేదని ఒక చురక కూడా వేశాడు. ఎక్కడో మూల దాచిన మాట కాదిది. ‘నికోమాకియన్ ఎథిక్స్’ మొదటి భాగంలో, పుస్తకం తెరిచిన కాసేపటికే ఎదురవుతుంది.

ఆయన గురువు ప్లేటో ఇంకా నాలుగాకులు ఎక్కువే చదివాడు. ‘రిపబ్లిక్’లో ఆయన గీసిన చదువుల బాట చూడండి. చిన్నప్పుడు సంగీతం, వ్యాయామం, ఆపైన గణితం. ముప్పై ఏళ్లు వచ్చాక, అదీ వడపోతలో నిలిచినవాళ్లకే, ఐదేళ్ల తత్వవిచారం. తర్వాత పదిహేనేళ్లు ఉద్యోగాలూ యుద్ధాలూ. యాభై నిండితేగానీ రాజ్యభారం చేతికి రాదు. చిన్నవయసులో వాదన రుచి మరిగితే కుక్కపిల్లల్లా కనబడిన ప్రతిదాన్నీ పీకి పోగులు పెడతారని ఆయన భయం.

మరి ఇవాళ ఈ రెండు పుస్తకాలూ చదువుతున్నదెవరు? పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల డిగ్రీ పిల్లలు. రాసినవాళ్లే వద్దన్న వయసుకు ఈ చదువు ఎలా వచ్చి చేరిందన్నది రెండువేల ఏళ్ల పైచిలుకు కథ. అందులో తత్వవేత్తల కన్నా బిషప్పులు, లేఖకులు, పరీక్షాధికారులే ఎక్కువ కనబడతారు.

నిజానికి ఆరిస్టాటిల్ ఏథెన్స్‌లో ప్లేటో దగ్గర చేరేనాటికి ఆయన వయసు పదిహేడు. క్రీ.పూ. 367లో వచ్చి, గురువు పోయేదాకా ఇరవై ఏళ్లు ఆ అకాడమీలోనే ఉన్నాడు. ఊరి బయట ఒక తోపులో నడిచిన ఆ బడిలో డిగ్రీలు లేవు. తర్వాత ఆయన సొంతంగా లైసియం పెట్టాడు. అక్కడ చెప్పిన పాఠాల నోట్సే మనకు మిగిలిన ‘ఎథిక్స్’, ‘పాలిటిక్స్’. అందుకే వాటి వచనం పొడిపొడిగా ఉంటుంది, కొన్నిచోట్ల వాక్యం మధ్యలోనే గురువుగారు గొంతు సవరించుకున్నట్టు తెగుతుంది. ప్లేటో సంభాషణల్లోని నాటకీయత ఇక్కడ వెతకద్దు.

ఆ రెండు పుస్తకాలూ ఒకే పాఠానికి రెండు సగాలు. మనిషి మంచివాడు కావడానికి ఉపన్యాసాలు చాలవు, చిన్నప్పటి నుంచీ మంచి అలవాట్లు పడాలి, అలవాట్లు పడాలంటే మంచి చట్టాలుండాలి, కాబట్టి ఇక చట్టాల సంగతి చూద్దాం అంటూ ‘ఎథిక్స్’ పదో భాగం ముగుస్తుంది. ఆ కొక్కేనికే ‘పాలిటిక్స్’ తగులుకుని ఉంటుంది. నీతిని ఒక డిపార్ట్‌మెంటుకీ, రాజకీయాన్ని ఇంకో డిపార్ట్‌మెంటుకీ పంచేసిన మన విశ్వవిద్యాలయాల ఏర్పాటు చూస్తే ఆయన ఏమనేవాడో!

ఆరిస్టాటిల్ పోయాక ఆ రాతప్రతులకు ఏమైందో స్ట్రాబో ఒక కథ చెప్పాడు. శిష్యుడు థియోఫ్రాస్టస్ నుంచి అవి స్కెప్సిస్ ఊరివాడైన నీలియస్‌కు వచ్చాయట. పుస్తకాల మీద కన్నేసిన రాజుల భయానికి అతని వారసులు వాటిని నేలలో పాతిపెడితే చెమ్మా పురుగులూ తిన్నంత తిన్నాయట. తర్వాత అవి చేతులు మారి ఏథెన్స్ చేరితే, ఆ నగరాన్ని కొల్లగొట్టిన రోమన్ సేనాని సల్లా వాటిని రోముకు పట్టుకుపోయాడట. ఇందులో నిజమెంతో కల్పన ఎంతో పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

ఇంతకన్నా నాకు ఆసక్తిగా అనిపించేది 12వ శతాబ్దపు కార్డోబా సంగతి. ఆరిస్టాటిల్ రచనలన్నిటికీ వ్యాఖ్యానాలు రాయడానికి పూనుకున్న ఇబ్న్ రుష్ద్‌కు ‘ఎథిక్స్’ అరబ్బీలో దొరికింది, ‘పాలిటిక్స్’ దొరకలేదు. సగం పాఠం చేతిలో ఉంది, రెండో సగం లేదు. ఏం చేయాలి? దాని స్థానంలో ప్లేటో ‘రిపబ్లిక్’ తీసుకుని వ్యాఖ్యానం రాశాడు. ఆ పని చేస్తున్న కారణాన్ని తానే చెప్పాడు కూడా. ఆ వ్యాఖ్యానం అరబ్బీ మూలం పోయింది, హీబ్రూ అనువాదంలో బతికింది. ఒక గ్రీకు పుస్తకం దొరకక ఇంకో గ్రీకు పుస్తకం మీద ఒక ముస్లిం న్యాయమూర్తి రాసిన మాటల్ని యూదు పండితులు కాపాడారన్నమాట.

ఇక పారిస్. విశ్వవిద్యాలయం అనేది అప్పుడప్పుడే ఒక రూపానికి వస్తున్న రోజులు. ఆరిస్టాటిల్ ప్రకృతిశాస్త్ర గ్రంథాల మీద 1210లో అక్కడ నిషేధం పడింది. 1215లో పోపు ప్రతినిధి రాబర్ట్ ఆఫ్ కూర్సాన్ కొత్త నిబంధనలు రాస్తూ ఆ నిషేధాన్ని కొనసాగించాడు గానీ ‘ఎథిక్స్’కు చిన్న కిటికీ తెరిచాడు. పండగ రోజుల్లో, ఇష్టమైతే చెప్పుకోవచ్చన్నాడు. మామూలు రోజుల్లో తర్కం, వ్యాకరణం; సెలవునాడు, అదీ సరదా ఉంటే, నీతి. విశ్వవిద్యాలయంలోకి గ్రీకు నీతిశాస్త్రం అడుగుపెట్టింది ఇలా, ఐచ్ఛిక పాఠంగా. అప్పటికి లాటిన్‌లో చేతికందిన ‘ఎథిక్స్’ కూడా మొదటి మూడు భాగాలే.

మొత్తం పుస్తకం లాటిన్‌లోకి రావడానికి ఒక ముసలాయన పూనుకోవాల్సి వచ్చింది. ఇంగ్లండులోని లింకన్‌కు బిషప్ అయిన రాబర్ట్ గ్రోసెటెస్ట్ గ్రీకు నేర్చుకున్నదే పెద్దవయసులో. డెబ్బై దాటాక, 1246-47 ప్రాంతంలో, సహాయకుల్ని కూర్చోబెట్టుకుని ‘ఎథిక్స్’ పదిభాగాలూ, వాటిమీద గ్రీకు వ్యాఖ్యానాలతో సహా, లాటిన్‌లోకి దించాడు. మరి కొన్నేళ్లకు, 1260 ప్రాంతంలో, విలియం ఆఫ్ మోర్బెకె అనే డొమినికన్ సన్యాసి ‘పాలిటిక్స్’ను నేరుగా గ్రీకు నుంచే తెచ్చాడు. ఇబ్న్ రుష్ద్‌కు దొరకని రెండో సగం అలా పశ్చిమ యూరప్‌కు దక్కింది.

ఈలోగా 1255లో పారిస్ ఆర్ట్స్ ఫ్యాకల్టీ ఆరిస్టాటిల్ పుస్తకాలు దాదాపు అన్నీ పాఠ్యగ్రంథాలు చేసేసింది. ఏ పుస్తకానికి ఎన్ని వారాలో కూడా రాసిపెట్టింది. పండగపూట ఐచ్ఛికం కాస్తా నలభై ఏళ్లలో తప్పనిసరి అయింది. ఆర్ట్స్ విద్యార్థుల్లో చాలామంది పద్నాలుగు పదిహేనేళ్లకు చేరినవాళ్లే. కుర్రాళ్లు పనికిరారన్న వాక్యాన్ని ఆ కుర్రాళ్లకే మాస్టర్లు చదివి వినిపించి, అర్థం చెప్పి, ముందుకు సాగిపోయి ఉంటారు.

దాని ఫలితం చర్చికి నచ్చలేదు. 1277లో పారిస్ బిషప్ ఎతియెన్ తాంప్యే 219 ప్రతిపాదనల్ని తప్పులని ప్రకటించాడు. వాటిలో రెండింటిని చూస్తే ‘ఎథిక్స్’ క్లాసులో ఏం జరుగుతోందో తెలిసిపోతుంది: తత్వచింతనలో గడపడాన్ని మించిన స్థితి లేదన్నది ఒకటి, ఆనందం ఈ జన్మలోనే దక్కుతుందన్నది రెండోది. కుర్రాళ్లకు ఒంటబట్టదన్న పాఠం కాస్త ఎక్కువే ఒంటబట్టిందని బిషప్పుగారి ఫిర్యాదు.

ఇన్నాళ్లూ ప్లేటో ఎక్కడ? మధ్యయుగ విశ్వవిద్యాలయానికి ‘రిపబ్లిక్’ అందుబాటులోనే లేదు. 1397లో కాన్‌స్టాంటినోపుల్ నుంచి మాన్యుయెల్ క్రిసోలోరస్ ఫ్లారెన్స్‌కు వచ్చి గ్రీకు చెప్పడం మొదలుపెట్టాకే పరిస్థితి మారింది. 1484లో ఫిచీనో చేసిన ప్లేటో సమగ్ర లాటిన్ అనువాదం అచ్చయింది. ఆ తర్వాత అచ్చుయంత్రం చేసిన ఒక చిన్న పని గురించి ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే ఇవాళ్టి ప్రతి విద్యార్థీ దాని నీడలోనే చదువుతున్నాడు.

1578లో ఆంరి ఎస్తియెన్ అచ్చువేసిన ప్లేటో గ్రంథావళిలో గ్రీకు ఒక వరుసలో, లాటిన్ పక్క వరుసలో ఉంటాయి. రెంటి మధ్యా పేజీని ఐదు ముక్కలుగా సూచించే ఏ, బీ, సీ, డీ, ఈ అక్షరాలు నిలువుగా దిగుతాయి. గుహలో బంధించిన మనుషుల కథ ఎక్కడుందని అడిగితే ఢిల్లీలోనైనా డబ్లిన్‌లోనైనా ‘రిపబ్లిక్ 514ఏ’ అనే చెబుతారు. ఏ భాషలో చదివినా, పండితులు వాడే ప్రచురణల్లో మార్జిన్‌లో ఆ 1578 పేజీ అంకె ఉంటుంది. ఆరిస్టాటిల్‌కు ఆ సేవ 1831లో బెర్లిన్‌లో ఇమ్మానుయేల్ బెకర్ చేశాడు. కుర్రాళ్ల సంగతి చెప్పే వాక్యం చిరునామా 1095ఏ. ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్లకు ఇంతకన్నా అనుకూలమైన ఏర్పాటు లేదు.

అందరికీ ఈ చదువు నచ్చిందనుకోకండి. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకున్న థామస్ హాబ్స్ 1651లో ‘లెవయతన్’ రాస్తూ, గ్రీకు, రోమన్ పుస్తకాలు చదివే కుర్రాళ్లు రాజుల మీద తిరగబడటం నేర్చుకుంటున్నారని మండిపడ్డాడు. ఇంగ్లండు అంతర్యుద్ధం రోజుల్లో పారిస్‌లో తలదాచుకున్న మనిషి. మరి ఆయనే అంతకు రెండు దశాబ్దాల ముందు థ్యూసిడైడిస్‌ను గ్రీకు నుంచి ఇంగ్లీషులోకి తెచ్చాడు. తాను చదవచ్చు, ఊళ్లోవాళ్లు చదవకూడదు.

అసలు మలుపు 1800లో ఆక్స్‌ఫర్డ్‌లో వచ్చింది. అంతకుముందు అక్కడ పరీక్ష ఒక తంతు. ఆ ఏడు చేసిన నిబంధనతో అది నిజం పరీక్ష అయింది. 1807లో గణితాన్ని వేరుచేయడంతో గ్రీకు, లాటిన్ చదువులకు సొంత పట్టా నిలిచింది. దాన్నే ‘గ్రేట్స్’ అంటారు. మొదట్లో రాజ్యమంతా ఆరిస్టాటిల్ ‘ఎథిక్స్’దే. దానికి జోడీగా బిషప్ బట్లర్ ప్రసంగాలు చదివించేవాళ్లు. గ్రీకు అన్యమతస్థుడి పక్కన ఒక క్రైస్తవ బిషప్‌ను కాపలా కూర్చోబెట్టినట్టు. ప్లేటోను పెద్దగా పట్టించుకున్నది లేదు.

ప్లేటోను ముందుకు తెచ్చినవాడు బెంజమిన్ జోవెట్. బాలియోల్ కాలేజీ ట్యూటర్. ఒక్కో విద్యార్థి వ్యాసం రాసుకొచ్చి గట్టిగా చదవాలి, గురువు వినాలి, ఆ తర్వాత చీల్చి చెండాడాలి. ‘రిపబ్లిక్’ మీద ఆయన ఉపన్యాసాలు మొదలయ్యాక ఆ పుస్తకం గ్రేట్స్‌లో నిలదొక్కుకుంది. 1855లో ఆయన గ్రీకు ఆచార్యుడయ్యాడు, జీతం ఏడాదికి 40 పౌండ్లు. అది హెన్రీ ఎనిమిదో రాజు కాలం నాటి అంకె. పెంచుదామంటే మతపరంగా ఆయన భావాలు నచ్చనివాళ్లు అడ్డుపడ్డారు. 1860లో ఒక వివాదాస్పద సంకలనంలో బైబిల్‌ను కూడా ఏ ఇతర పుస్తకంలాగైనా చదవాలని వ్యాసం రాశాడు మరి. విశ్వవిద్యాలయ కోర్టుకీడ్చారు, ఆ కేసు నిలవలేదు. 1865లో జీతం 500 పౌండ్లయింది. 1871లో ప్లేటో సంభాషణలన్నీ ఇంగ్లీషులో, నాలుగు సంపుటాలుగా తెచ్చాడు. గ్రీకు రానివాడికి ప్లేటో తలుపు తెరిచిన పుస్తకం అది.

ఇక్కడే ఈ కథ మన ఇంటివైపు తిరుగుతుంది. ఇండియన్ సివిల్ సర్వీసుకు పోటీపరీక్ష ఎలా ఉండాలో చెప్పమని 1854లో వేసిన మెకాలే కమిటీలో జోవెట్ ఒక సభ్యుడు. వాళ్లు సూచించిన మార్కులు చూడండి: గ్రీకుకు 750, లాటిన్‌కు 750, సంస్కృతానికి 375, అరబ్బీకి 375. ఇండియాను పాలించబోయేవాడికి ఇండియా భాష తెలియడం కన్నా ఏథెన్స్ భాష తెలియడం రెండింతల విలువ. పరీక్ష కూడా చాలాకాలం లండన్‌లోనే; 1922 నుంచి గానీ ఇక్కడ పెట్టలేదు. 1892లో వయోపరిమితిని 21-23కు పెంచాక, డిగ్రీ పూర్తిచేసుకుని వచ్చిన గ్రేట్స్ కుర్రాళ్లకు దారి ఇంకా సుగమం అయింది.

1888 నుంచి 1905 దాకా వరసగా వైస్రాయ్‌లైన లాన్స్‌డౌన్, ఎల్గిన్, కర్జన్ ముగ్గురూ బాలియోల్ విద్యార్థులే. (కర్జన్‌కు గ్రేట్స్‌లో ఫస్ట్ క్లాసు రాలేదు. బెంగాల్ విభజన చేసినాయనకు అదొక్కటే తీరని చింత కాదులెండి.) వాళ్లకు ప్లేటో కల్పించిన పాలకవర్గంతో తమను పోల్చుకోవడం సహజంగా వచ్చేది. ఫిలిప్ వుడ్రఫ్ పేరుతో ఒక మాజీ ఐసీఎస్ అధికారి 1954లో ఆ సర్వీసు చరిత్ర రెండో సంపుటం వేస్తూ దానికి ‘ది గార్డియన్స్’ అని ‘రిపబ్లిక్’ నుంచే పేరు పెట్టాడు. ప్లేటో పాలకులకు సొంత ఇల్లూ, బంగారమూ ఉండకూడదన్న నియమం ఉంది. కలెక్టరు దొరగారి బంగళా, జీతం, పింఛను ఆ లెక్కలో ఎక్కడ ఇముడుతాయో నాకైతే అంతుబట్టలేదు.

ఆ వైస్రాయ్‌ల కాలంలోనే ఈజిప్టు ఇసుకలోంచి ఒక పేపిరస్ బ్రిటిష్ మ్యూజియానికి చేరింది. నాలుగు చుట్టలు. ముందువైపు క్రీ.శ. 78-79 నాటి ఒక పొలం జమాఖర్చులు. డిడిమస్ అనే పెత్తందారు తన యజమానికి రాసిన చిట్టా అది. లెక్కల పని అయిపోయాక ఎవరో ఆ కాగితం వృథా చేయకుండా వెనకవైపు ఇంకేదో నకలు రాయించుకున్నారు. ఫ్రెడరిక్ కెన్యన్ చదివి చూస్తే అది వందల ఏళ్లుగా పోయిందనుకున్న ‘ఏథెన్స్ రాజ్యాంగం’. ఆరిస్టాటిల్ బడి సేకరించిన 158 రాజ్యాంగాల వివరణల్లో మనకు దాదాపుగా పూర్తిగా దక్కింది ఇదొక్కటే. 1891 జనవరిలో అచ్చయింది. ప్రజాస్వామ్యంలో జీతాలెలా ఇచ్చేవారు, జ్యూరీలను చీట్లతో ఎలా ఎంచేవారు అన్న కిందిస్థాయి వివరాలన్నీ అందులో ఉన్నాయి. ఆదర్శరాజ్యం గురించే మాట్లాడుకుంటున్న క్లాసులోకి ఆఫీసు ఫైలు వచ్చి పడింది.

1920లో ఆక్స్‌ఫర్డ్‌లో మూడు మార్పులు కలిసొచ్చాయి. ప్రవేశానికి గ్రీకు తప్పనిసరి కాదన్నారు. తత్వశాస్త్రం, రాజనీతి, ఆర్థికశాస్త్రం కలిపి కొత్త డిగ్రీ పెట్టారు. దాన్ని మొదట్లో ‘మోడర్న్ గ్రేట్స్’ అనేవాళ్లు. మూడోది, ఆడవాళ్లకు డిగ్రీలివ్వడానికి ఒప్పుకున్నారు. స్త్రీలూ పాలకులు కావచ్చని ‘రిపబ్లిక్’ ఐదో భాగంలో సోక్రటీస్ వాదిస్తాడు. ఆ పుస్తకాన్ని అంతగా నూరిపోసిన విశ్వవిద్యాలయానికి ఆ పేజీ చేరడానికి అంతకాలం పట్టింది.

ఆ తలుపులోంచి వచ్చినవాళ్లే ఆరిస్టాటిల్ నీతిశాస్త్రానికి మళ్లీ ప్రాణం పోశారు. రెండో ప్రపంచయుద్ధంలో మగవాళ్లు సైన్యానికి పోయి క్లాసులు పలచబడ్డ రోజుల్లో ఐరిస్ మర్డాక్, మేరీ మిడ్జ్‌లీ, ఫిలిపా ఫుట్, ఎలిజబెత్ ఆన్‌స్కమ్ అక్కడ చదువుకున్నారు. 1956లో అమెరికా మాజీ అధ్యక్షుడు ట్రూమన్‌కు ఆక్స్‌ఫర్డ్ గౌరవ డాక్టరేట్ ఇవ్వబోతే ఆన్‌స్కమ్ లేచి అభ్యంతరం చెప్పింది. హిరోషిమా, నాగసాకి మీద బాంబు వేయించి అమాయకుల్ని చంపించినవాడికి సన్మానమా అని అడిగింది. సభ ఆమెను పట్టించుకోలేదు, డిగ్రీ ఇచ్చేశారు. రెండేళ్లకు, 1958లో, ఆమె ‘మోడర్న్ మోరల్ ఫిలాసఫీ’ అనే వ్యాసం రాసింది. శాసించే దేవుణ్ని పక్కనపెట్టేసి కూడా ‘నైతికంగా చేయాలి, చేయకూడదు’ అని మాట్లాడటంలో అర్థం లేదు. ఆరిస్టాటిల్‌లాగా ఈ పని న్యాయమా అన్యాయమా, ఈ మనిషి ఎలాంటివాడు అని అడగండి అన్నది దాని సారం. ఇవాళ ఏ విశ్వవిద్యాలయంలోనైనా సద్గుణాల గురించిన కోర్సు ఉందంటే దాని వెనక ఆ వ్యాసం ఉంటుంది.

మన తెలుగువాళ్లలో పాశ్చాత్యుల నీతి కొలబద్దతో తలపడ్డవాళ్లలో చెప్పుకోవాల్సిన పేరు సర్వేపల్లి రాధాకృష్ణన్‌ది. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో ఎం.ఏ.కు ఆయన సమర్పించిన సిద్ధాంతవ్యాసం వేదాంతంలో నీతి గురించి. వేదాంతంలో నీతికి చోటే లేదన్న మిషనరీల విమర్శకు అది జవాబు. 1908లో అచ్చయ్యేనాటికి ఆయన వయసు ఇరవై. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేశాక, 1936లో అదే ఆక్స్‌ఫర్డ్‌కు ప్రాచ్యమతాలు, నీతిశాస్త్రాల ఆచార్యుడిగా వెళ్లాడు.

ఐసీఎస్ పోయి ఐఏఎస్ వచ్చింది. సివిల్స్‌లో పొలిటికల్ సైన్స్ తీసుకున్నవాళ్లకు పాశ్చాత్య రాజకీయ చింతన ఇప్పటికీ ప్లేటో, ఆరిస్టాటిల్‌తోనే మొదలవుతుంది. మన డిగ్రీ కాలేజీల్లోనూ అంతే. అయితే విద్యార్థి చేతిలో ఉండేది ప్లేటో కాదు. ఒకప్పుడు గ్రేట్స్ చదివిన ఎర్నెస్ట్ బార్కర్ పుస్తకం, లేదంటే 1937 నాటి సబైన్ చరిత్ర ఉండేవి. ఇప్పుడు వాటిని పిండి తీసిన గైడు, దాన్ని మళ్లీ పిండిన కోచింగ్ నోట్సు. తత్వవేత్త రాజు, ఆస్తి సామ్యవాదం, విమర్శలు నాలుగు, ముగింపు. హైదరాబాద్ అశోక్‌నగర్ గదుల్లో అర్ధరాత్రి దాకా దీన్ని వల్లెవేసే పిల్లల్ని నేను తప్పుపట్టను, అడిగేవాళ్లు అదే అడుగుతారు కాబట్టి. కానీ అందులో లేనిది ఒకటుంది. ‘రిపబ్లిక్’ సిద్ధాంతంతో మొదలు కాదు. రేవు ఊళ్లో జాతర చూసి ఇంటికి పోతున్న సోక్రటీస్‌ను కుర్రాళ్లు ఆపేస్తారు. ఒక ముసలి ధనవంతుడు వృద్ధాప్యం గురించీ, డబ్బు ఎందుకు పనికొస్తుందన్నదాని గురించీ చెబుతాడు. కాసేపటికి థ్రాసిమాకస్ ఉండబట్టలేక మీదికి దూకి, బలవంతుడికి లాభమైనదే న్యాయం, ఈ కబుర్లన్నీ ఎందుకంటాడు. పదిభాగాల పుస్తకం ఆ మాటకు జవాబు వెతుక్కుంటూ సాగుతుంది. మండలాఫీసులో పని కోసం తిరిగిన ఏ ఇరవై ఏళ్లవాడికైనా థ్రాసిమాకస్ చెప్పింది ప్రత్యేకంగా వివరించక్కర్లేదు.

థ్రాసిమాకస్ కనబడే ఆ మొదటి భాగం ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. జోవెట్ 1871 అనువాదానికి కాపీహక్కులు ఎప్పుడో తీరిపోయాయి, ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. గైడుకే డబ్బు పెట్టాలి.